కొడుకు నోటుబుక్కులో పక్కవాడి లెక్క

పదో తరగతి లెక్కల నోటుబుక్కులు దిద్దే సార్లను అడిగితే ఒక సంగతి చెబుతారు. ఇద్దరు పిల్లల జవాబులు ఒకేలా ఒప్పయితే ఎవరికీ అనుమానం రాదు. ఇద్దరి తప్పూ ఒకేచోట, ఒకేలా ఉన్నప్పుడే దిద్దే పెన్ను ఆగుతుంది. త్రికోణమితిలో పిల్లలందరూ చేసే లెక్కే తీసుకుందాం. టవరు పాదానికి 15 మీటర్ల దూరంలో నిలబడి చూస్తే దాని పైకొన 60 డిగ్రీల కోణంలో కనిపించింది, టవరు ఎత్తెంత? జవాబు 15 రూట్ 3 మీటర్లు. ఒక పిల్లవాడు తొందరలో రెండో మెట్టు దగ్గర 15ను 51 అని రాసి, చివరికి వచ్చేసరికి మళ్లీ 15 చేశాడనుకుందాం. పక్కవాడి నోటుబుక్కులోనూ రెండో మెట్టులో 51 ఉంది, చివర్లో 15 ఉంది. మొదటివాడిది చేతి పొరపాటు. రెండోవాడికి ఆ మెట్టు అక్కడ ఎందుకుందో కూడా తెలియదు.

సాయంత్రానికి ఇంటికి ఫోను వస్తుంది. లేదంటే డైరీలో ఎర్రసిరాతో రెండు ముక్కలు రాసి, కింద తల్లిదండ్రుల సంతకం తెమ్మంటారు. ఆ డైరీ ఇంటికి చేరాక ఏం జరగాలన్నదే ఈనాటి విషయం.

ప్రొద్దుటూరులో బంగారు అంగడిలో పనిచేసే తండ్రి ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. జమ్మలమడుగు చుట్టుపక్కల నేతన్నల ఇళ్లలో మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. పులివెందుల పల్లెల్లో చీనీతోట, అరటితోట పనికి పోయిన తల్లి చీకటిపడ్డాకే పొయ్యి వెలిగిస్తుంది. ముగ్గురి బతుకులూ వేరు, ముగ్గురి దిగులూ ఒకటే. పిల్లోడు పదిలో మంచి మార్కులు తెచ్చుకుంటే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుంది, ఇంట్లోంచే ఒక ఇంజనీరు తయారవుతాడు. 2008లో మొదలైన ఆ సంస్థలో పదో తరగతి మార్కులను బట్టే సీట్లు ఇస్తూ వచ్చారు. కరోనా వల్ల పరీక్షలు జరగని 2020, 2021లో మాత్రం విడిగా ప్రవేశపరీక్ష పెట్టాల్సి వచ్చింది. ఇంత ఆశ పెట్టుకున్న ఇంట్లోకి 'మీవాడు హోంవర్క్ చూసి రాస్తున్నాడు' అన్న మాట వస్తే గుండె గుభేలుమనడం సహజం. ఆ గుభేలులోంచే చెయ్యి లేస్తుంది.

ముందు ఆ చెయ్యి సంగతి మాట్లాడుకోవాలి. బడిలో పిల్లల్ని కొట్టడం, మనసు నొచ్చేలా హింసించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ప్రకారం నిషేధం. ఇల్లు ఆ సెక్షను పరిధిలోకి రాదు గాని, దెబ్బ పిల్లవాడి మీద చేసే పని మాత్రం ఎక్కడైనా ఒకటే. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పశ్చిమ ఆఫ్రికాలో రెండు బడుల పిల్లల్ని గమనించి 2011లో ఫలితాలు ప్రచురించారు. ఒక బడిలో తప్పు చేస్తే కర్రతో కొట్టేవారు, రెండో బడిలో కొట్టేవారు కాదు. పిల్లవాడి వెనక ఒక బొమ్మ పెట్టి, తిరిగి చూడొద్దని చెప్పి పెద్దవాళ్లు బయటికి వెళ్లేవారు. రెండు బడుల్లోనూ ఎక్కువమంది తిరిగి చూశారు. తేడా ఆ తర్వాతే వచ్చింది. దెబ్బలు తినే బడిలో చూసిన పిల్లలు దాదాపు అందరూ చూడలేదని అబద్ధమాడారు, ఆ అబద్ధాన్ని రెండో బడి పిల్లలకన్నా నేర్పుగా నిలబెట్టుకున్నారు. వాళ్లంతా చిన్నపిల్లలు, మన సంగతి పదిహేనేళ్లవాళ్లది. అయినా దెబ్బ తప్పును ఆపలేదు, అబద్ధానికి సానబెట్టింది అన్న సంగతి మన ఇళ్లకూ పనికొస్తుంది. ఇవాళ తండ్రి బెల్టు తీస్తే రేపటినుంచి కొడుకు కాపీ మానడు, దొరక్కుండా ఉండడం నేర్చుకుంటాడు. రెండో మెట్టులోని 51ని దిద్దుకుని మరీ ఎక్కిస్తాడు.

కొట్టని ఇళ్లలో రెండు రకాల స్పందన కనిపిస్తుంది, రెండూ చేటే. 'మావాడు అట్లాంటి పని చెయ్యడు, మీరే సరిగా చూడలేదు' అని సారు మీదికి పోవడం ఒకటి. 'పోనీలే, అందరూ చేసేదే గదా' అని తలదిండు కింద దాచినట్టు సంతకం పెట్టి పంపేయడం ఇంకొకటి. మొదటి ఇంట్లో పిల్లవాడికి అమ్మానాన్నలు లాయర్లు అవుతారు. రెండో ఇంట్లో వాళ్లు ఉన్నా లేనట్టే.

మరి ఏం చేయాలి? ముందు తెలుసుకోవాల్సింది వాడు ఎందుకు చూసి రాశాడన్నది. ఈ ప్రశ్నకు జవాబు దొరక్కుండా వేసే ఏ శిక్షా పనిచేయదు.

అమెరికాలోని ఎం.ఐ.టి.లో డేవిడ్ ప్రిచర్డ్, ఆయన సహచరులు భౌతికశాస్త్రం విద్యార్థులు కంప్యూటరులో పంపిన హోంవర్క్‌ను పరిశీలించి, ఏవి కాపీవో పసిగట్టి 2010లో ప్రచురించారు. గడువు దగ్గరపడేకొద్దీ కాపీలు పెరిగాయి. ఎక్కువగా కాపీ కొట్టినవాళ్లు ముందురోజుల్లో పుస్తకం ముట్టనివాళ్లు. కొద్దిగా మాత్రమే కాపీ కొట్టినవాళ్లు గడువుకు ముందు మూడురోజులూ కొంచెం కొంచెంగా పని చేసుకుపోయినవాళ్లు. ఆలస్యంగా మొదలుపెట్టినవాడి మీద పడే సమయపు ఒత్తిడే కాపీకి దగ్గరి కారణమని వాళ్లు తేల్చారు. ప్రపంచంలోనే పేరున్న విద్యాసంస్థలో చేరిన పిల్లల సంగతే ఇది. ఆ పరిశీలనలో ఇంకో మాట కూడా ఉంది. లెక్కల్ని కాపీ కొట్టుకుంటూ పోయినవాళ్లు సెమిస్టరు గడిచేకొద్దీ అలాంటి లెక్కలే పరీక్షలో వచ్చినప్పుడు బాగా వెనకబడ్డారు.

ఇప్పుడు మన పదో తరగతి పిల్లవాడి రోజు చూడండి. చాలా ప్రైవేటు బడుల్లో పొద్దున్నే స్టడీ అవరు, పగలంతా క్లాసులు, సాయంత్రం మళ్లీ స్టడీ అవరు, ఆపైన ట్యూషను. ఇంటికి వచ్చి రెండు ముద్దలు తిని కూర్చునేసరికి కళ్లు మూతపడతాయి. హైస్కూలు పిల్లలకు హోంవర్క్ రోజుకు రెండు గంటలు మించకూడదని కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. ప్రతి సబ్జెక్టు సారూ తనది ఒక్కటే అనుకుని ఇస్తే ఆ రెండు గంటలు ఎప్పుడో దాటిపోతాయి. అలాంటప్పుడు పిల్లవాడు పొద్దున బడి బస్సులో స్నేహితుడి నోటుబుక్కు తీసుకుని గబగబా ఎక్కించేస్తాడు. అది సోమరితనం అనడానికి మనసొప్పదు. ఒక వారంపాటు ఏ సబ్జెక్టుకు ఎంతసేపు పడుతోందో వాడిచేతనే ఒక కాగితం మీద రాయించి, ఆ కాగితం పట్టుకుని తల్లో తండ్రో సారు దగ్గరికి పోవాలి. గొడవకు పోయినట్టు పోకుండా, మాట్లాడటానికి పోవాలి.

రెండో కారణం లెక్క అర్థం కాకపోవడం. ఇది సిగ్గుతో ముడిపడి ఉంటుంది కాబట్టి పిల్లవాడు నోరు విప్పడు. ఇక్కడ చదువు రాని తల్లిదండ్రులు తమవల్ల ఏమవుతుందని వెనక్కి తగ్గుతారు. తగ్గనక్కరలేదు. పులివెందుల దగ్గరి ఒక పల్లెలో తోటపని చేసుకునే తండ్రి ఇలా అడిగితే చాలు:

"ఏం రా, ఈ లెక్క నువ్వే చేసినావా?"

"నేనే చేసినా నాయనా."

"సరే. మన బోరు కాడ కొబ్బరిచెట్టు ఉంది గదా. దాని ఎత్తెంతో ఎక్కకుండా చెప్పు చూద్దాం. ఎట్ల చెప్తావో నాకు తెలిసేటట్ల చెప్పు."

లెక్క అర్థమైన పిల్లవాడు లేచి బయటికి నడుస్తాడు. చెట్టు మొదలునుంచి వెనక్కి వెనక్కి నడిచి, పైకొన సరిగ్గా 45 డిగ్రీల్లో కనిపించేచోట ఆగి, అక్కడినుంచి చెట్టుకున్న దూరానికి తన కంటి ఎత్తు కలిపితే అదే చెట్టు ఎత్తు అంటాడు. అర్థం కానివాడు నోటుబుక్కు తిరగేస్తాడు. ఆ తండ్రికి త్రికోణమితి అక్షరం రానక్కరలేదు, కొడుకు ముఖం చదవడం వస్తే చాలు. ప్రొద్దుటూరు బజారులో పాతనగ తీసుకుని పోతే ఎంత తెలిసినవాళ్లయినా గీటురాయి మీద గీసిచూడకుండా తూకం వేయరు, నగ తెచ్చినవాళ్లు అవమానంగానూ తీసుకోరు. ఇంట్లో ఇలా అడగడం కూడా ఆ మోస్తరు పనే. దాన్ని కాపీ పట్టుబడిన రోజున మాత్రమే మొదలుపెడితే పోలీసు విచారణలా ఉంటుంది. వారానికో రెండుసార్లు మామూలుగా అడిగే ఇంట్లో పిల్లవాడే చెప్పడానికి ఉబలాటపడతాడు.

అర్థం కాలేదని తేలితే అదొక పెద్ద మేలు, ఎందుకంటే రోగం దొరికింది. గ్రామీణ భారతంలో 14 నుంచి 18 ఏళ్లవాళ్ల మీద అసర్ సంస్థ 2023లో చేసిన సర్వేలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు నూటికి 43 మంది చిల్లర. నాలుగోవంతు మందికి తమ భాషలో రెండో తరగతి పాఠం గడగడా చదవడం రాలేదు. ఇలాంటి పునాదితో పదో తరగతిలో కూర్చున్న పిల్లవాడు హోంవర్క్ చూసి రాయకపోతే ఏం రాస్తాడు? వాడికి కావలసింది కొత్త ట్యూషను కూడా కాకపోవచ్చు. ఆరో తరగతి, ఏడో తరగతి లెక్కల పుస్తకాలు మళ్లీ తీసి రోజుకు అరగంట కూర్చోబెట్టే మనిషి కావాలి. ఇంట్లో అక్క కావచ్చు, పక్కింటి డిగ్రీ పిల్లవాడు కావచ్చు.

మూడో కారణం స్నేహం. 'వాడు అడిగినాడు, ఇచ్చినా' అంటాడు నోటుబుక్కు ఇచ్చినవాడు. 'కలిసి చదువుకున్నాం' అంటాడు తీసుకున్నవాడు. కలిసి చదవడానికీ చూసి రాయడానికీ మధ్య గీత ఎక్కడుందో పిల్లలకు నిజంగానే తెలియదు, పెద్దలు చెప్పాలి. చెప్పడానికి దూరం పోనక్కరలేదు. జమ్మలమడుగులో పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని, ప్రొద్దుటూరు హైస్కూలులో తెలుగు పండితుడిగా పనిచేసిన గడియారం వేంకటశేషశాస్త్రి కలిసి జంటగా అవధానాలు చేశారు, కలిసి కావ్యాలు రాశారు. రాజశేఖర వేంకటశేష కవులు అని ఇద్దరి పేర్లూ బాహాటంగా కలిపి పెట్టుకున్నారు. ఆ తర్వాత ఎవరి కావ్యం వాళ్లు రాశారు. ఒకరిది రాణా ప్రతాపసింహ చరిత్ర, మరొకరిది శివభారతం. జంటగా చేసిన సాధన ఇద్దరినీ విడివిడిగా నిలబెట్టింది. హోంవర్క్‌కూ ఇదే లెక్క. ఇద్దరూ ఒకే చాపమీద కూర్చుని, లెక్క ఎలా మొదలుపెట్టాలో వాదించుకుని, ఆ తర్వాత ఒకరి పుస్తకం ఒకరు మూసి ఎవరిది వాళ్లు రాస్తే అది సాధన. నోటుబుక్కు రాత్రి ఒక ఇంట్లో, పొద్దున ఇంకో ఇంట్లో ఉంటే అది కాపీ. 'స్నేహితుడికి ఇవ్వొద్దు' అని చెప్పడం కన్నా 'వాణ్నే మన ఇంటికి రమ్మను' అనడం మంచిది.

ఇక ఫోను. మన రాష్ట్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. సరిగ్గా మూడు వారాల ముందు, నవంబరు 30న, చాట్‌జీపీటీ ప్రపంచంలోకి వచ్చింది. ఆ రెండింటికీ సంబంధం లేదు గాని, ఒకే నెల వ్యవధిలో మన పల్లెల బడిపిల్లల చేతికి తెర, ప్రపంచం చేతికి అడిగింది రాసిపెట్టే యంత్రం వచ్చాయన్నది నిజం. ఇప్పుడు పక్కవాడి నోటుబుక్కుతో కూడా పనిలేదు. ప్రశ్నను ఫొటో తీస్తే జవాబు మెట్లతో సహా వస్తుంది, 51 లాంటి పొరపాట్లు కూడా ఉండకపోవచ్చు, సారుకు దొరకకపోవచ్చు. నష్టం మాత్రం అలాగే ఉంటుంది. అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఆర్నాల్డ్ గ్లాస్ తన తరగతుల్లో పదకొండేళ్లపాటు రెండు వేల పైచిలుకు విద్యార్థుల హోంవర్క్‌నూ పరీక్షలనూ పోల్చి చూశారు. హోంవర్క్‌లో తెచ్చుకున్నన్ని మార్కులు పరీక్షలో తెచ్చుకోలేకపోయినవాళ్లు 2008లో నూటికి 14 మంది, 2017లో 55 మంది. సొంతంగా ఆలోచించడం మాని ఇంటర్నెట్‌లోంచి దించుకోవడమే దీనికి కారణమని ఆయన తేల్చారు. చాట్‌జీపీటీ రాకముందటి లెక్కలు ఇవి.

ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసే తల్లిదండ్రుల కోపం అర్థమవుతుంది. అది నాలుగురోజుల మాట. సారు నోట్సు, బడి గ్రూపు మెసేజి అన్నీ ఆ ఫోనులోకే వస్తున్నాయి, ఐదోరోజు తిరిగి ఇవ్వక తప్పదు. అంతకన్నా ఒక కట్టుబాటు నిలుస్తుంది: ముందు పెన్ను, తర్వాత ఫోను. పావుగంట సొంతంగా తంటాలు పడ్డాక ఎక్కడ ఆగిపోయాడో అక్కడివరకు మాత్రమే ఫోనులో చూసుకోవచ్చు, చూసిన తర్వాత ఫోను బోర్లాపెట్టి తిరిగి రాయాలి. అదీ వసారాలో, పదిమంది తిరిగేచోట.

పెద్దల చేతుల వైపు కూడా చూసుకోవాలి. సైన్సు ప్రాజెక్టు ఇవ్వగానే అంగడికి పోయి తయారుగా ఉన్న థర్మోకోల్ నమూనా కొనుక్కొచ్చి, దానిమీద పిల్లవాడి పేరు అంటించే తల్లిదండ్రులు మూడు ఊళ్లలోనూ ఉన్నారు. పిల్లవాడి చేతిరాత బాగాలేదని రికార్డు తామే కూర్చుని రాసిపెట్టే తల్లులున్నారు, ప్రేమతోనే చేస్తారు. మన రాష్ట్రంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం తెచ్చినప్పుడు రాతపనులకు, ప్రాజెక్టు పనులకు విడిగా మార్కులు పెట్టారు, గైడ్లు చూసి ఎక్కించకుండా పిల్లలు సొంతమాటల్లో రాయాలన్నారు. మంచి ఆలోచన. పదో తరగతిలో ఆ ఇంటర్నల్ మార్కులు 20 ఉండేవి. చాలా బడులు ఇరవైకి ఇరవై ధారాళంగా వేసేయడంతో 2019లో వాటిని ఎత్తేయాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్ 27న మొదలైన పదో తరగతి పరీక్షల్లో ప్రశ్నపత్రాలు హాల్లోంచి వాట్సాప్‌లోకి వచ్చాయి, రాష్ట్రంలో పలుచోట్ల ఉపాధ్యాయులే అరెస్టయ్యారు. పదిహేనేళ్ల పిల్లవాడికి ఇవన్నీ తెలుసు. 'కాపీ కొట్టడం తప్పురా' అని మనం చెప్పేటప్పుడు వాడి కళ్లముందు ఈ దృశ్యాలే ఉంటాయి. వాడితో దాపరికం లేకుండా మాట్లాడితేనే మన మాటకు విలువ.

తప్పు చేసిన కొడుకు ముందు ఒక తండ్రి ఎలా ఉండవచ్చో చెప్పడానికి మన దేశంలో అందరికీ తెలిసిన ఉదంతం ఒకటుంది. గాంధీజీ తన ఆత్మకథలో రాసుకున్నారు. పదిహేనేళ్ల వయసులో అన్న అప్పు తీర్చడానికి, అన్న చేతి కడియంలోంచే కొంత బంగారం తీశారు. మనసు ఊరుకోలేదు. తండ్రి ముందు నోరు రాక కాగితం మీద రాసి, తగిన శిక్ష వేయమని అడిగి చేతికిచ్చారు. జబ్బుతో చెక్కబల్ల మీద పడుకుని ఉన్న తండ్రి లేచి కూర్చుని చదివారు. కన్నీళ్లు కాగితం మీద పడ్డాయి. కాసేపు కళ్లు మూసుకుని, కాగితం చించేసి మళ్లీ పడుకున్నారు. ఒక్క మాట అనలేదు. కోపగించి తలబాదుకుంటారని భయపడ్డ కొడుకుకు ఆ రోజు జీవితాంతం మిగిలింది. ఇందులో తండ్రి మౌనం ఎంత గొప్పదో, తప్పు ఒప్పుకునే పని కొడుకే చేయడం అంత ముఖ్యమైనది.

అందుకే హోంవర్క్ కాపీ విషయంలో తల్లిదండ్రులు పిల్లవాడి తరఫున క్షమాపణ చెప్పకూడదు. వాడే పోవాలి. 'సార్, ఈ మూడు లెక్కలు చూసి రాసినాను, నాకు అర్థం కాలేదు, మళ్లీ చేసుకుని రేపు తెస్తాను' అని వాడి నోటితో వాడే చెప్పాలి. కావాలంటే తండ్రి గేటుదాకా తోడు పోవచ్చు. ఆ మూడు లెక్కలూ ఆ రాత్రి మళ్లీ చేయాలి, తప్పు వచ్చినా సరే సొంతంగా. శిక్ష అంటూ ఉంటే ఇంతే చాలు. తప్పుల నోటుబుక్కు తీసుకుపోయినవాడికి నాలుగు మార్కులు తగ్గితే ఇంట్లో ఎవరూ ముఖం మాడ్చుకోకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. మార్కు తగ్గిన నోటుబుక్కు చూసి 'నువ్వే చేసినావా? సంతోషం రా' అనగలిగిన ఇంట్లో పిల్లవాడికి ఇంక దాచిపెట్టాల్సిన అవసరం రాదు.

మన రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నిటిలో 2024 డిసెంబరు 7న ఒకేరోజు మెగా తల్లిదండ్రులు ఉపాధ్యాయుల సమావేశం జరిగింది. ఆ రోజు కడప మున్సిపల్ హైస్కూలుకు ఉప ముఖ్యమంత్రి కూడా వచ్చారు. మళ్లీ 2025 జులైలోనూ జరిపారు. ఇలాంటి సమావేశానికి పోయిన తల్లిదండ్రులు సాధారణంగా 'ఎన్ని మార్కులొచ్చినాయి సార్' అని అడిగి, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి వచ్చేస్తారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల శ్రోతలకు ఒక విన్నపం. ఈసారి బడికి పోయినప్పుడు పిల్లవాణ్ని పక్కన నిలబెట్టుకుని, వాడి నోటుబుక్కు సారు ముందు తెరిచి, 'ఇందులో మావాడు సొంతంగా చేసింది ఏది, వాడికి రానిది ఏది' అని అడగండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.